ఆకలికి ఊరుంది, వాడ లేదు (నల్లరేగడి చరిత్రలు – 11)

ఈ కార్యక్రమాల వరస మీకందరికీ తెలిసిందే. ఒక సోఫా, దాని ఎదురుగా ఇంకో సోఫా. ఇటు కూర్చున్నవాడు కమెడియన్, అటు కూర్చున్నవాడూ కమెడియనే. ముందు పది నిమిషాలు ఒకరి మీద ఒకరు జోకులు. తర్వాత "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎలా ఉండేదన్నా?" అని ఒక ప్రశ్న. అక్కణ్ణుంచి వెనకాల వేణువు మొదలవుతుంది. అమ్మ పస్తులు, నాన్న అప్పులు, ఉన్న ఒక్క చొక్కా, మద్రాసు రైలు, పాండీబజారు, పంపు నీళ్ళు తాగి పడుకున్న రాత్రులు. అతిథి కళ్ళు తుడుచుకుంటాడు. యాంకర్ ఇంకో జోకేసి నవ్విస్తాడు. చప్పట్లు. ఈటీవీలో ఆలీ గారు నడిపిన 'ఆలీతో సరదాగా' దగ్గర్నుంచి ఇవాళ్టి యూట్యూబ్ ఇంటర్వ్యూల దాకా ఇదే అచ్చు. నేనూ చూస్తాను. ఇష్టంగానే చూస్తాను, పేపర్లు దిద్దుకుంటూ.

చూడగా చూడగా నాకు ఒకటి పట్టుకుంది. ఈ బాల్యాలన్నిటికీ ఊరి పేరుంటుంది. మండలం పేరుంటుంది. ఆ ఊళ్ళో ఇల్లు ఎక్కడుందో మాత్రం ఉండదు. చెరువు కట్టకి ఇవతలా, అవతలా? ఏ బావిలో నీళ్ళు తోడుకున్నారు? బళ్ళో ఏ వరసలో కూర్చున్నారు? ఆకలి ఉంటుంది, ఆ ఆకలి ఏ వీధిదో ఉండదు. పేదరికం వానలాగా ఊరంతటి మీదా ఒకేలా కురిసినట్టు చెప్తారు.

ఈ భాగం ఆ లేని వాడ గురించి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో (ఇప్పుడు పల్నాడు, బాపట్ల అని విడిపోయాయి, నేను పాత పేర్లే వాడతాను) నవ్వించి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరు, తమ చిన్నతనం గురించి వాళ్ళు ఏం చెప్పుకోగలిగారు, ఏం చెప్పుకోలేదు.

ఈ నేల మీద నవ్వంటే తెనాలితోనే మొదలుపెట్టాలి. పాండురంగ మాహాత్మ్యం రాసిన రామకృష్ణ కవి వేరు, జనం అల్లుకున్న వికటకవి వేరు. ఆ రెండోవాడి కథ ఒకటి మీరు చిన్నప్పుడు బొమ్మలతో సహా చదివే ఉంటారు. రాయల వారి మంగలి, రాజు నిద్రలో ఉండగానే మెలకువ రాకుండా గడ్డం గీస్తాడు. రాజు మెచ్చి ఏం కావాలో కోరుకోమంటాడు. వాడు డబ్బు అడగడు, మాన్యం అడగడు. నన్ను బ్రాహ్మణ్ణి చెయ్యండి అంటాడు. రాజు సరేనని పురోహితుల్ని పిలిచి హోమాలు చేయించమంటాడు. వాళ్ళు భయపడి రామకృష్ణుడి దగ్గరికి పరిగెత్తుతారు. ఆయన ఒక నల్లకుక్కని ఏటి ఒడ్డుకి తెచ్చి రుద్ది రుద్ది కడుగుతుంటాడు. ఏం చేస్తున్నావయ్యా అంటే, దీన్ని తెల్లకుక్కని చేస్తున్నానంటాడు. రాజుకి విషయం అర్థమైపోతుంది, మంగలి మంగలిగానే ఉండిపోతాడు.

మనం నవ్వాం. పండితులు దీన్ని చమత్కార కథల కింద వేసి వదిలేశారు. కానీ ఆ కథలో హాస్యం ఎవరి పక్షాన పనిచేసిందో చూడండి. రాజు ఒప్పుకున్నాడు! రాజాజ్ఞ అయిపోయింది. దాన్ని అడ్డుకుంది కత్తి కాదు, శాస్త్రం కాదు, ఒక జోకు. కులం మారదు అనే మాటని ఏడేళ్ళ పిల్లాడి బుర్రలోకి నవ్వుతూ దించిన పాఠం అది. పైగా అందులో మంగలికి పేరు లేదు, కుక్కకీ లేదు. నవ్వించినవాడికే పేరుంది. మొదటి సెలబ్రిటీ కమెడియన్ అనుకోండి.

అయితే అదే కాలపు వీధిలో ఇంకో రకం నవ్వు కూడా బతికింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. తెర మీద రాముడూ రావణుడూ గంభీరంగా పద్యాలు పాడుకుంటుంటే మధ్యలో కేతిగాడు దూరి ఊరి కరణం గురించి, వడ్డీ వ్యాపారి గురించి, పెళ్ళాల గురించి మాట్లాడతాడు. బూతులూ ఉంటాయి. రాముణ్ణి ఏమీ అనలేడు గానీ మునసబుని అనగలడు. పగటి వేషగాళ్ళు సోమయాజులు–సోమిదేవమ్మ వేషం కట్టి అగ్రహారపు వీధిలోనే అగ్రహారాన్ని వెక్కిరించారు. మా పల్లెల్లో భాగోతం కట్టినవాళ్ళు ఉన్నారు. సాహిత్య చరిత్రల్లో వాళ్ళకి ఒక్క పేరా ఇవ్వలేదు. ప్రకాశం జిల్లా నుంచే వచ్చిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) రాసేదాకా మాల భాగోతగాడు తెలుగు నవలలో తలెత్తుకుని నిలబడలేదు. పిల్లలకి నేను ఆ నవల చెప్పేటప్పుడు కావాలనే ఆట, పాట ఉన్న పుటల దగ్గర ఆగుతాను. మా పల్లె అంటే ఏడుపు మాత్రమే అనుకునేవాళ్ళు చాలామంది, మనవాళ్ళతో సహా.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. షేక్ నాజర్. గుంటూరు జిల్లా తాడికొండ దగ్గర పొన్నెకల్లు. 1920లో పుట్టాడు. బుర్రకథ పితామహుడు అని సన్మానపత్రాల్లో రాస్తారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో పోయాడు. ఈ వివరాలు పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది రెండు విషయాలు.

ఒకటి, బుర్రకథ కట్టుబడి. నడుమ కథకుడు, చేతిలో తంబుర. ఒక పక్క వంతగాడు హాస్యం చెప్తాడు, ఇంకో పక్క వంతగాడు రాజకీయం చెప్తాడు. కథ పలనాటి యుద్ధమైనా బొబ్బిలైనా సరే, హాస్యగాడు ఆపి ఒక అమాయకపు ప్రశ్న వేస్తాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు ఆరకముందే రాజకీయం చెప్పేవాడు అందుకుని ఇవాళ్టి బియ్యం ధర దగ్గరికి, దొర దగ్గరికి లాక్కొస్తాడు. హాస్యమూ రాజకీయమూ ఒకే పాటకి రెండు చేతులు. 1940ల్లో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని ఎత్తుకోవడానికి కారణం అదే. బెంగాల్ కరువు మీద నాజర్ కథ చెప్తే పైరు కోసుకునే కూలీలు కూడా చందా వేశారంటే, అది ఏడిపించినందుకు మాత్రమే కాదు, నవ్వించి కూర్చోబెట్టినందుకు. మద్రాసు ప్రభుత్వం ఆ దళాల ప్రదర్శనల్ని నిషేధించింది కూడా ఊరికే కాదు.

రెండోది, ఆయన జీవితకథ పేరు. అంగడాల వెంకటరమణమూర్తికి ఆయన చెప్పుకున్న ఆ పుస్తకం పేరు 'పింజారి'. పింజారి అంటే దూదేకులవాడు. పత్తి ఏకి, దూది చేసి, పరుపులు కుట్టి బతికే కులం. మన జిల్లాల్లో పత్తి పండించినవాడు ఆసామి అయ్యాడు, పత్తి మిల్లు పెట్టినవాడు శ్రీమంతుడు అయ్యాడు, అదే పత్తిని విల్లుతో ఏకినవాడి కులం పేరు మాత్రం తిట్టు అయింది. మన సినిమాల్లో ఒకణ్ణి తీసిపారెయ్యాలంటే కమెడియన్ నోట ఎన్నిసార్లు విన్నాం ఆ మాట! హాల్లో నవ్వు వస్తుంది. అది ఎవరి ఇంటిపేరో నవ్వేవాడికి తెలియదు. పద్మశ్రీ అందుకున్న కళాకారుడు తన పుస్తకానికి 'బుర్రకథ చక్రవర్తి' అనో, 'నా కళాయాత్ర' అనో పెట్టుకోవచ్చు. జనం నవ్వుకుంటూ వాడే తిట్టునే తీసి అట్ట మీద పెట్టాడు. నా దృష్టిలో తెలుగులో ఒక హాస్యం తెలిసిన మనిషి చేసిన పెద్ద పని అది.

నాజర్ కంటే ఒక తరం ముందు, వినుకొండలో 1895లో పుట్టిన జాషువాకి కూడా ఈ రంగంతో సంబంధం ఉందని చాలామందికి తెలియదు. 1915–16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే ఉద్యోగం చేశాడు. తెర మీద బొమ్మ వేరేవాళ్ళది, గొంతు జాషువాది. తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఏనుగు మీద ఊరేగించారు, గండపెండేరం తొడిగారు, పద్మభూషణ్ వచ్చింది. ఆ కాలానికి అంతకంటే సెలబ్రిటీ ఎవరు? అయినా 'నా కథ' రాసినప్పుడు వినుకొండ బాల్యాన్ని వాడతో సహా చెప్పాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. బళ్ళో పడిన మాటలూ చెప్పాడు, చేసిన అల్లరీ చెప్పాడు. ఆయన్ని కన్నీటి కవిగా ముద్రవేసి ఆ అల్లరిని పాఠ్యపుస్తకాల నుంచి తీసేశారు. వెక్కిరించడం తెలియనివాడు గబ్బిలాన్ని గుళ్ళోకి పంపగలడా?

అంటే మన నేల మీద పేరు తెచ్చుకున్నాక బాల్యాన్ని కులంతో సహా చెప్పుకునే సంప్రదాయం ఒకటి ఉంది. అది మధ్యలో ఎక్కడ తెగింది?

నా సమాధానం సినిమా హాలు దగ్గర ఉంది. టూరింగ్ టాకీసుల కాలంలో నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు. టికెట్టుకి కులం లేదు, డబ్బే. అందుకే పల్లెలవాళ్ళకి సినిమా హాలు గుడి కంటే, హోటల్ కంటే ముందు తెరుచుకుంది. చీకట్లో రేలంగికీ రమణారెడ్డికీ అందరూ కలిసి నవ్వారు. ఇది చిన్న విషయం కాదు, నేను దాన్ని చిన్నబుచ్చను. కానీ ఆ కలిసి నవ్వడం ఎంత పలచటి పొరో చుండూరు చెప్పింది. 1991 జూలై 4న చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని పెత్తందారీ కులం కుర్రాడికి తగిలింది. చదువుకున్న కుర్రాడు, కుర్చీ టికెట్టు కొనుక్కున్న కుర్రాడు. అక్కణ్ణుంచి తిట్లు, కొట్టడాలు, సాంఘిక బహిష్కరణ, పోలీసు పికెట్. ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు, శవాల్ని గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మీలో చాలామందికి ఇదంతా కంఠస్థం. నేను గుర్తుచేసేది ఒక్కటే. మొదలైంది సినిమా హాల్లో.

అలాగే కారంచేడు. నిర్మాత డి. రామానాయుడు గారి సొంతూరు అది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపిన ఊరూ అదే. ఆయన్ని దానికి ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒకే ఊరి పేరు సినిమా పేజీలో ఒక అర్థంతో, మొదటి పేజీలో ఇంకో అర్థంతో అచ్చయింది, పాఠకుడు రెండిటినీ కలిపి చదవకుండా అలవాటుపడ్డాడు అంటున్నాను.

ఇక మన కాలపు నవ్వు. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో 1956లో పుట్టిన బ్రహ్మానందం గారు. విశ్వబ్రాహ్మణ కుటుంబం, పేద ఇల్లు, తెలుగు ఎమ్మే, అత్తిలిలో తెలుగు లెక్చరర్. (మా వృత్తివాడే. స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం.) 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట'లో అరగుండు వేషం. ఆ తర్వాత గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ, 2023 చివర్లో 'నేను మీ బ్రహ్మానందం' పుస్తకం. బల్లికురవ మండలం కొమ్మినేనివారిపాలెం నుంచి ధర్మవరపు సుబ్రహ్మణ్యం, దూరదర్శన్ 'ఆనందోబ్రహ్మ'తో మొదలై 'నువ్వు నేను'లో లెక్చరర్‌గా మా ఉద్యోగాల పరువు తీసినవాడు. తెనాలి నుంచి ఏవీఎస్. చీమకుర్తి మండలం పల్లామల్లి నుంచి ఈ తరం హైపర్ ఆది.

ఒకటి గమనించండి. మన హీరోల బాల్యం గురించి అడిగితే తాతగారి స్టూడియో, నాన్నగారి షూటింగు చెప్తారు. హీరోకి వంశం ఉంటుంది. కమెడియన్‌కి ఊరు ఉంటుంది. వడ్రం పని, కమ్మరం, కంసాలిపని చేసిన కులాలనుంచి, దర్జీ ఇళ్ళనుంచి, చిన్న గుమాస్తాల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళకి పరిశ్రమలో తెరుచుకున్న కిటికీ హాస్యమే. హీరో తలుపు కొద్ది ఇళ్ళకే. చాగంటివారిపాలెం పిల్లాడు తెలుగువాళ్ళ ముఖం అయ్యాడంటే అది ఈ నేల సాధించిన విషయం, ఎవరేమన్నా. కానీ ఆ కిటికీలోంచి దూరాలంటే ఒక షరతు ఉంది. తన్నులు తినాలి. హీరో చెంపదెబ్బ కొడితే నవ్వు రావాలి.

'అహ నా పెళ్ళంట'ని నేను మొదటిసారి టీవీలో చూసినప్పుడు ఏడెనిమిదేళ్ళు. టీవీ ఊళ్ళో ఒక రైతు ఇంట్లో ఉండేది. వాళ్ళ పిల్లలు లోపల చాప మీద, మేం కిటికీ బయట. మా అమ్మ ఆ పొలానికే మిరప కోతలకి వెళ్ళేది. మాటలు మాకు సగం వినపడేవి కావు. లోపల నవ్వు మొదలైతే అది విని మేమూ నవ్వేవాళ్ళం. కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు కదా, ఆ సీనుకి లోపలివాళ్ళు పొట్ట చేత్తో పట్టుకున్నారు. మా చిన్నాన్న కొడుకు మాత్రం నవ్వలేదు. "ఒరేయ్, కోడి ఉందిగా, కొయ్యొచ్చుగా" అన్నాడు. పిసినారితనం అనే జోకు అర్థం కావాలంటే ముందు ఇంట్లో కోడి ఉండాలి. మాకు అరగుండే బాగా అర్థమయ్యాడు. యజమాని వెనక తిట్టుకునేవాడు, ముందుకొస్తే గొంతు మార్చేవాడు. అలాంటివాళ్ళు మా పల్లె నిండా ఉండేవాళ్ళు, పాలేర్లు. ఆ సినిమా వచ్చిన 1987–88 ఏడాదే మన రెండు జిల్లాల్లో పత్తి పోయి రైతులు పురుగుమందు తాగింది. ఆ పొలాల్లో కూలి పోయినవాళ్ళ లెక్క ఎవరూ కట్టలేదు, అది ఇంకో భాగంలో.

మనవాడు ఒక్కడూ లేడా అంటే, బాబూమోహన్ గారున్నారు. ఖమ్మం జిల్లా వాడు. కోట–బాబూమోహన్ జంట ఒక దశాబ్దం నవ్వించింది. 'మామగారు' 1991లో వచ్చింది, అందులో ఆయనది బిచ్చగాడి వేషం. చుండూరూ 1991. తెర మీద కోట తంతుంటే ఆయన దొర్లిపడేవాడు, హాలంతా నవ్వేది. తర్వాత అందోల్ ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచి మంత్రి అయ్యాడు. రిజర్వుడు సీటు అన్న మాట వచ్చాకే చాలామంది ప్రేక్షకులకి ఆ తన్నులు తిన్నవాడి కులం తెలిసింది. ఎవరైనా ఆ పాత సీన్లని మళ్ళీ వేసుకుని చూసి, ఎప్పుడెప్పుడు నవ్వామో రాయండి. ఎం.ఫిల్. అవుతుంది.

జోకు మీద కోపం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా చరిత్రే. కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర వందేళ్ళు ఊళ్ళని నవ్వించింది, ఆ నవ్వు కింద ఒక కులం నలిగింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. 'దేనికైనా రెడీ' 2012లో వస్తే బ్రాహ్మణ సంఘాలు వీధిలోకొచ్చాయి. 2013లో మొదలైన 'జబర్దస్త్'లో ఒక స్కిట్టుకి గీత కులస్థులు ఆగ్రహించారు, 2014లో వేణు మీద దాడి జరిగింది. కొట్టడాన్ని నేను సమర్థించను, నాటక నిషేధాన్నీ సమర్థించను. నా ప్రశ్న వేరు. మన సామెతల పుస్తకాల్లో మాల, మాదిగ పేర్లతో ఎన్ని ఉన్నాయో చూడండి. నల్లగా ఉన్న మనిషిని చూపించి, యాస చూపించి, ఎంగిలి చూపించి చేసిన జోకులు ఎన్నో చూడండి. వాటిలో ఒక్కటైనా నిషేధానికి వెళ్ళిందా? మనకి 1989 చట్టం ఉంది, నిజమే. పదిమంది ఎదుట కులం పేరుతో అవమానిస్తే నేరం. కానీ కులం పేరు పలకకుండా కులాన్ని వెక్కిరించే కళలో మన హాస్య రచయితలు ఆరితేరారు.

తిరగబడి మనవాడు జోకు వేస్తే? కత్తి మహేష్‌ని గుర్తు చేసుకోండి. 'హృదయ కాలేయం'లో నటించాడు, బిగ్‌బాస్‌కి వెళ్ళాడు, హీరోల మీద, అభిమానుల మీద వెటకారంగా మాట్లాడాడు. నెలల తరబడి ఫోన్లు, బూతులు, గుడ్లు. 2018లో హైదరాబాద్ నుంచి ఆరు నెలలు బహిష్కరణ. ఆయన మాటలన్నిటితో నాకు ఏకీభావం లేదు. కానీ సోఫా మీద కూర్చుని స్టార్ల గురించి సరదాగా మాట్లాడే హక్కు ఎవరికి ఎంతవరకు ఉందో కొలవడానికి అంతకంటే మంచి కొలబద్ద దొరకదు. 2021 జూలైలో ఆయన పోయినప్పుడు వచ్చిన మీమ్స్ నా దగ్గర కొన్ని దాచిపెట్టాను. ఎప్పుడో ఎవరికో పరిశోధనకి పనికొస్తాయి.

మా కాలేజీలో ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ ఆఖరి ఏడాది. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయ తొడాలు తీస్తుంది. ఈ పిల్ల యార్డు మేస్త్రీని, కమీషన్ వ్యాపారిని, తుమ్ములు ఆపుకుంటూ మాట్లాడే కూలీ ఆడవాళ్ళని మిమిక్రీ చేస్తుంది. రీల్స్ పెడుతుంది, చాలామంది చూస్తారు. ఈమధ్య ఒక స్థానిక ఛానెల్ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారట. నా దగ్గరికి వచ్చి అడిగింది. "సార్, చిన్నప్పటి కష్టాలు చెప్పమంటున్నారు. మా ఊరి పేరు చెప్తే చాలంటున్నారు. పల్లె అని కూడా చెప్పొచ్చా? చెప్తే వేస్తారా?"

చెప్పాలని గానీ చెప్పొద్దని గానీ నేను అనలేదు. బతుకు ఆమెది, రేపు ఉద్యోగం వెతుక్కోవాల్సిందీ ఆమే. లైబ్రరీ బీరువాలోంచి 'పింజారి' తీసి ఇచ్చాను. ముందు అట్ట చూసి నవ్వింది. "ఇది తిట్టు కదా సార్?" అంది. పుస్తకం ఇంకా తిరిగివ్వలేదు.

వచ్చే భాగం చీరాల శిబిరం గురించి, 1985.

జై భీమ్.